చిక్కిన కోడలు

మా వైపు మనిషి కాస్త ఒళ్ళు చేస్తే "మంచి కళొచ్చిందండి" అని సంతోషిస్తారు. అదే మనిషి కాస్త తగ్గితే పరామర్శకు వస్తారు. "అయ్యో, అలా చిక్కిపోయేరేంటండి!" అనే మాటలో ఉండే జాలి, చావింట్లో కూడా అంత ఉండదు. రాజోలు నుంచి అమలాపురం దాకా ఎక్కడైనా ఇదే వరస. బడిలో తెలుగు చెప్పేదాన్ని కనుక మాటల మీద నాకు కాస్త పట్టింపు ఎక్కువ. లావెక్కడాన్ని "ఒళ్ళు చేయడం" అంటాం, అదేదో పండక్కి బూరెలు చేసినట్టు. తగ్గడాన్ని మాత్రం "చిక్కిపోవడం" అంటాం. ఆ "పోవడం" ఊరికే వచ్చి చేరలేదు.

ఈ సిద్ధాంతానికి మా ఇంట్లో పెద్దదిక్కు మా అత్తయ్యగారు. నేను కాపురానికి వచ్చిన రోజున నన్ను ఎగాదిగా చూసి, "మీ వాళ్ళు ఎముకలు లెక్కెట్టి పంపించేరా ఏంటమ్మా?" అన్నారు. అప్పటి నుంచి ఆవిడ నన్ను మేపారు. మాట మొరటుగా ఉంది గానీ నిజం అదే. పనసాకు దొన్నెల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కల మీద వెన్న, చింతచిగురు రొయ్యలు, ఆదివారం చర్చి నుంచి రాగానే కోడిపలావు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి "తిన్నావా?" అని అడిగేవారు. మధ్యాహ్నం తిన్నానండి అంటే, "మధ్యాన్నం తిన్నది మధ్యాన్నానికే సరి" అని పళ్ళెం పెట్టేవారు. మా వైపు "చాలండి" అంటే ఇంకో గరిటె వెయ్యమని అర్థం. నేను చాలండి అనేదాన్ని, ఆవిడ వేసేవారు. ఇద్దరమూ మర్యాదస్తులమే.

నా ఒళ్ళంతా ఆవిడ చేతి చలవేనని అననులెండి. మా అమ్మ వైపు అందరికీ ఉన్నదే ఈ ఒళ్ళు. దానికి కాన్పు, థైరాయిడు, కుర్చీలో కూర్చుని దిద్దే పేపర్లు తోడయ్యాయి.

ఆవిడ అలా వెంటపడి పెట్టడానికి ఒక కారణం ఉంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన చెప్పారు. ఆయనకొక చెల్లెలు ఉండేదట. ఇంటర్ చదువుతుండగా ఏదో జబ్బు చేసింది. తిన్నది ఇమడక, నెలల తరబడి చిక్కి చిక్కి, చివరికి మంచంలోనే పోయింది. ఆ జబ్బేమిటో అప్పట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అత్తయ్యగారు ఆ పిల్ల మాట ఎత్తగా నేను వినలేదు. ఆ మాటలన్నీ అన్నంలో కలిపి మాకు పెట్టేశారనుకుంటాను.

నలభై దాటేసరికి నా పరిస్థితి ఎలా తయారైందంటే, సుగరు, బీపీ ఇంట్లో అద్దెకు దిగిన చుట్టాల్లా స్థిరపడ్డాయి. మోకాళ్ళు మెట్టు చూస్తేనే మొరాయించేవి. వాటన్నిటినీ మించింది నిద్ర. పడుకుంటే గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగేదట. మా ఆయన కంగారుగా తట్టి లేపేవారు. అలా తెల్లవార్లూ సగం సగం నిద్రపోయి, పగలంతా జోగేదాన్ని. ఒకరోజు బడి నుంచి వస్తూ కాలువ గట్టు మీద స్కూటీ నడుపుతూనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కొబ్బరి డొక్కల పోగులో ఉన్నాను. ఆ పోగు లేకపోతే కాలువలోనే.

చుట్టూ జనం చేరారు. దెబ్బ తగిలిందా అని అడిగేలోపే ఒకాయన బొండాం కొట్టి చేతికిచ్చాడు. "పాపం టీచరుగారు నీరసంతో పడిపోయేరండి. మజ్జానం సరిగా తిన్నట్టు లేరు" అంది ఒకావిడ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డొక్కల పీచు జుట్టు నిండా పెట్టుకుని, ఆ బొండాం తాగేసి, ఇక ఇలా కుదరదని అక్కడే అనుకున్నాను.

ఒళ్ళు తగ్గడానికి అంతకుముందు నేను చేయని పని లేదు. ఉలవ నీళ్ళు తాగాను, నానబెట్టిన మెంతులు మింగాను, ఒంటిపూట తిన్నాను, చీకటితో లేచి నడిచాను. తగ్గిన ప్రతిసారీ వడ్డీతో సహా తిరిగొచ్చింది. "నోరు కట్టుకోవాలండి" అని ఉచిత సలహా ఇచ్చినవాళ్ళలో నా పళ్ళెంలోని చేపముక్క వైపు చూడకుండా ఇచ్చినవాళ్ళు లేరు.

విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరకు మా ఆయన తీసుకెళ్ళారు. ఆవిడ నా పరీక్షలన్నీ నింపాదిగా చదివి, "ఇది తిండిపోతుతనం కాదమ్మా, జబ్బు. సుగరుకి మందేసుకోడానికి సిగ్గుపడరు కదా, దీనికెందుకు సిగ్గు?" అన్నారు. ఇంత వయసొచ్చి ఆ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నన్ను తప్పు పట్టకుండా ఒకరు నా ఒంటి గురించి మాట్లాడటం అదే మొదలు. ఆ మాటకు ఆవిడకు నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను.

తరవాత ఆపరేషను సంగతి వివరించారు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కడుపు సంచిలో చాలా భాగం కత్తిరించి తీసేస్తారట. మిగిలింది అరటిపండంత గొట్టంలా ఉంటుందట. నేను వెంటనే, "ఏ అరటిపండండి? చక్కెరకేళీయా, కర్పూరమా, బొంతా?" అని అడిగాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా వైపు చూశారు. రావులపాలెం అరటి మార్కెట్టు మీదుగా వచ్చినవాళ్ళకు ఉత్త అరటిపండంటే ఏం తెలుస్తుంది చెప్పండి. "మీ ఇష్టమొచ్చిన పండు అనుకోండి, కానీ ఒక్కటే" అన్నారు ఆవిడ నవ్వుతూ. ఆ తరవాత నవ్వు ఆపి, ఏమేం ఇబ్బందులు రావచ్చో కూడా దాచకుండా చెప్పారు. కుట్ల దగ్గర కారవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, జీవితాంతం విటమిన్ మాత్రలు వేసుకోవాలి, తిండి తీరు మార్చుకోకపోతే ఒళ్ళు మళ్ళీ రావచ్చు. ఆలోచించుకుని రమ్మన్నారు.

నేను ఆలోచించుకున్నాను గానీ, అత్తయ్యగారికి చెప్పడమే మిగిలింది. ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. చెప్పింది విని, చేతిలో రొయ్యను ఒలవడం ఆపేశారు.

"కడుపు కోయించుకుంటావా?" అన్నారు.

"చిన్న బొక్కలేనండి అత్తయ్యగారండి. బాగా చేస్తారంటండి."

"బాగా చేస్తే చిక్కిపోతావు కదా."

"ఆయండి. అందుకే గదండి."

ఆవిడ రొయ్యను గిన్నెలో వేశారు. "నా కళ్ళెదుట ఒకత్తి చిక్కిపోయిందమ్మా. మళ్ళీ చూడ్డం నావల్ల కాదు. ఆపైన నీ ఇష్టం" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ నన్ను "తిన్నావా?" అని అడగడం మానేశారు. మా వైపు ఇంతకంటే పెద్ద వెలి ఉండదు. వంట చేసి బల్ల మీద పెట్టేవారు, నేను వచ్చి కూర్చుంటే పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆపరేషను బల్ల మీద ఏమవుతుందోనన్న భయం నాకూ ఉంది. దాన్ని మించిన భయం ఇంకొకటి పట్టుకుంది. అంతా సవ్యంగా జరిగి, నేను నిజంగానే చిక్కి, ఆ చిక్కిన మొహాన్ని ఈవిడ ఇక జన్మలో కన్నెత్తి చూడలేకపోతే? కన్నతల్లి పోయాక నాకు మిగిలిన తల్లి ఆవిడే. ఒంట్లో ప్రాణం నిలబెట్టుకోబోయి ఈవిడను పోగొట్టుకుంటానా అని చాలాసార్లు వెనక్కి తగ్గాలనిపించింది. మా ఆయన ఒక్కటే మాట అన్నారు. "అమ్మకి నేను సర్ది చెప్పలేను. కానీ నిన్ను తట్టి లేపుతూ కూర్చోవడం నాకూ భయంగానే ఉంది." అంతే, బయలుదేరాను.

ఆపరేషను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నిద్రపోయాను, లేచాను. లేవగానే నొప్పి కడుపులో కాకుండా భుజంలో ఉంటే, ఎక్కడ కోయాల్సింది ఎక్కడ కోశారోనని కంగారుపడ్డాను. ఆపరేషనప్పుడు పొట్టలోకి ఎక్కించిన గాలి వల్ల అలా ఉంటుందని, నడిస్తే పోతుందని నర్సు చెప్పింది. వరండాలో గోడ పట్టుకుని నడిచాను. మొదటిసారి నీళ్ళిచ్చినప్పుడు చిన్న మూతలో పోసి, చప్పరిస్తూ తాగమన్నారు. ఆ మూతెడు నీళ్ళతో కడుపు నిండిపోయింది. చాలు అనిపించడం అంటే ఇదా అని ఆశ్చర్యపోయాను. అంతవరకు నేను ఆ మాటను మర్యాద కోసం వాడటమే గానీ, ఒంటితో ఎరగను. అత్తయ్యగారు ఫోను చేసి కొడుకుతో మాట్లాడేవారు. "ఉందా?" అని అడిగేవారట. "ఉందమ్మా" అనగానే పెట్టేసేవారట.

ఇంటికి తిరిగి వస్తూ రావులపాలెంలో కారు ఆపితే మా ఆయన టిఫినుకు దిగారు. నేను కారులోనే కూర్చుని, అరటిగెలల లారీలు వెళ్తుంటే చూస్తూ నీళ్ళు గుక్క గుక్క తాగాను. ఎదురుగా హోటల్లో పూరీలు పొంగుతున్నాయి. వాసన బాగుంది, కానీ అది నన్ను పిలవలేదు. బతికున్నాను, ఊపిరి ఆడుతోంది, ఎండ బాగుంది. ఆ కారులో కూర్చుని దేవుడికి చెప్పుకున్న స్తోత్రం చర్చిలో కూడా ఎప్పుడూ అంత మనసుపెట్టి చెప్పలేదు.

తరవాతి నెలలు అంత తేలికగా నడవలేదు. మొదట అన్నీ నీళ్ళే. పల్చటి మజ్జిగ, వడకట్టిన సూపు. తరవాత మెత్తగా మెదిపినవి. ఒకరోజు ఇడ్లీని నమలకుండా అలవాటుగా మింగి, గంటసేపు నరకం చూశాను. జుట్టు ఊడింది. బడిలో తోటి టీచర్లు నా కొంగు మీద వెంట్రుకలు ఏరేవారు. చంకల కింద చర్మం ఖాళీ సంచీలా వేలాడింది. వీటన్నిటి మీద ఊరి పరామర్శ ఒకటి. "చెప్పుకోలేని జబ్బంటండి" అని గుసగుసలు. ఒకావిడ ఏకంగా నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి టీచరుగారండి, పరలోకంలో ఇయ్యేవీ ఉండవండి" అని ఓదార్చింది. నాకు ఒళ్ళు మండి, "నేనప్పుడే అక్కడికి రానండి, ముందు మీరెళ్ళి నాకు చోటు చూసి పెట్టండి" అన్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

ఊరు ఏమన్నా భరించాను. ఇంట్లో మాత్రం భరించలేకపోయాను. అత్తయ్యగారు నాకు కావలసినవన్నీ చేసి పెట్టేవారు. బొమ్మిడాయిని ముల్లు తీసి మెత్తగా మెదిపి పెట్టేవారు. కానీ చూపు మాత్రం నా మెడ దాటి పైకి వచ్చేది కాదు. గిన్నె పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవారు. ఒక సెలవురోజు పొద్దున నాకు ఓపిక నశించింది. వెనకాలే వంటింట్లోకి వెళ్ళి గట్టిగానే అన్నాను.

"అత్తయ్యగారండి, నేను చచ్చిపోవట్లేదండి. బాగుపడతన్నానండి. ఒక్కసారి ఇటు చూడండి."

ఆవిడ పొయ్యి వైపు తిరిగే ఉన్నారు. "అదీ అలాగే అందమ్మా" అన్నారు. "బాగుపడతన్నాను లేవే అమ్మా, ఏడవకు అనేది. ఆఖరి రోజు దాకా అలాగే అంది."

నా కోపం అక్కడే చచ్చింది. ఏం చెప్పినా ఆ పిల్ల అప్పటికే చెప్పేసి పోయింది. ఆవిడ వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, వచ్చేశాను. ఆ తరవాత నేనేమీ నచ్చజెప్పలేదు. పోయిన పిల్ల చేయలేని పనులు ఆవిడ కళ్ళ ముందు చేస్తూ పోయాను, అంతే. నూతి దగ్గర బట్టలు ఉతికాను. మేడ మీద వడియాలు ఎండబెట్టాను. సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళి కొత్త జాకెట్లు కుట్టించుకొచ్చాను. అమలాపురంలో డాక్టరుగారు సుగరు మాత్ర మానేయమన్నప్పుడు ఆ సంగతి మా ఆయనకు చెబుతున్నట్టుగా, వంటింటికి వినబడేలా చెప్పాను.

మా చర్చిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. ఒళ్ళు బరువైనప్పటి నుంచి నేను మాత్రం వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో, ముసలివాళ్ళ వరసలో కూర్చునేదాన్ని. ఒక ఆదివారం వెళ్ళి అత్తయ్యగారి పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చారు, తల తిప్పలేదు. ప్రార్థనకు అందరం మోకాళ్ళ మీదికి వచ్చాం. ఆమేన్ అన్నాక ఆవిడకు లేవడం కష్టమై, అలవాటుగా పక్కనున్న భుజం పట్టుకున్నారు. ఆవిడ బరువంతా నా మీద వేసి లేచారు. లేచాక గానీ ఆ భుజం నాదని చూసుకోలేదు. చెయ్యి వెంటనే తీయలేదు. ఎముక తగులుతోందేమో, ఒకసారి వేళ్ళతో తడిమారు.

మర్నాడు నేను బడికి బయలుదేరుతుంటే వంటింట్లోంచి కేక వినిపించింది. "అమ్మాయ్! తాగేవా?"

నాకు మొదట అర్థం కాలేదు. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, మధ్యలో గుక్క గుక్క తాగుతూ ఉండాలి అని డాక్టరమ్మ చెప్పిన సంగతి మా ఆయన ఇంట్లో పదిసార్లు అని ఉంటారు. అది ఆవిడ చెవిలో పడింది. తినమని అడగడానికి లేదు కనుక, ఆవిడ తాగమని మొదలుపెట్టారు. పొద్దునా సాయంత్రం వీధి వినేలా "తాగేవా? ఇంకా తాగలేదా? తాగి వెళ్ళు!" అని. పక్కింటివాళ్ళు మొదట్లో ఈ టీచరమ్మకు ఇదేం అలవాటని తెల్లబోయారు. నాకైతే ఆ కేక కోయిల కూతకంటే బాగుండేది. మొహం మాత్రం ఇంకా చూసేవారు కాదు.

ఆపరేషను అయి ఏడాది తిరిగాక, ఆవిడే మా ఆయనను పిలిచి, కృతజ్ఞత కూడిక పెట్టించాలని చెప్పారు. జబ్బు నయమైనా, గండం గడిచినా పాస్టరుగారిని, సంఘాన్ని పిలిచి పాటలు, ప్రార్థన పెట్టి, మేలు పొందినవాళ్ళ చేత సాక్ష్యం చెప్పించి భోజనం పెట్టడం మా ఇళ్ళలో ఆనవాయితీ. కోడిపలావు, వేటమాంసం, రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, సేమియా పాయసం అని ఆవిడ వంటవాళ్ళకు చెబుతుంటే నేను తల పట్టుకున్నాను. నేను కోయించుకున్నది తిండి తగ్గడానికి. అది తగ్గిందని దేవుడికి వందనాలు చెబుతూ సంఘమంతటికీ విందు. ఈ పని భూమ్మీద మావాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. పాస్టరుగారితో అంటే ఆయనా పకపకా నవ్వి, "భోజనం లేని కృతజ్ఞత మనవాళ్ళకి తెలవదు కదండి టీచరుగారండి" అన్నారు.

ఇంటి ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. నేను చెప్పాల్సిన సాక్ష్యం ముందే రాసుకుని, పాఠం చదువుకున్నట్టు చదువుకున్నాను. డాక్టరమ్మకు, నర్సుకు, మా ఆయనకు, ఆ కొబ్బరి డొక్కలు పోగేసినవాళ్ళకు, అందరికీ వందనాలు చెప్పాలి. పాటలు అయ్యాయి. పాస్టరుగారు నన్ను పిలవబోతుండగా అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. కూతురు పోయాక ఆవిడ ఏ కూడికలోనూ నోరు తెరవలేదని అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు.

"అందరికీ వందనాలండి" అన్నారు. "నాకు మాట్లాడ్డం రాదండి. మా అమ్మాయి సంగతి మీకు తెలుసండి. అది పోయేక ఎవురు చిక్కినా నాకు భయవేనండి. ఈ పిల్ల నా మాట ఇనకండా ఎళ్ళి కోయించుకొచ్చిందండి. ఇన్నాళ్ళూ దీని మొహం చూళ్ళేకపోయేనండి. చూస్తే అదే కనపడేదండి."

ఆవిడ నా వైపు తిరిగారు. ఏడాది తరవాత మొదటిసారి నా మొహంలోకి చూశారు. బుగ్గలు, కళ్ళు, మెడ, ఒక్కొక్కటీ నింపాదిగా చూశారు. కళ్ళు తుడుచుకోలేదు.

"మా అమ్మాయి చిక్కి, పోయిందండి" అన్నారు. "మా కోడలు చిక్కి, నాకు చిక్కిందండి."

కూర్చున్నారు. అందరూ "స్తోత్రం" అనడం కూడా మర్చిపోయారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్ను రమ్మన్నట్టు చెయ్యి చూపించారు. లేచి నిలబడ్డాను. రాసుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. ఆవిడనే చూస్తూ, "ఆయండి అత్తయ్యగారండి, చిక్కేనండి" అన్నాను.